ఫాల్ కుట్టే అమ్మ, రెండు బొమ్మలు

ఒప్పేసుకుంటాను. మా చెల్లెలు గీసిన బొమ్మ చూసి నాకు కడుపు మండింది.

నేను ఐదేళ్లు కాలేజీలో బొమ్మలు గీయడం నేర్చుకున్నదాన్ని. చేపలు కోసే వాళ్లనూ, ఇటుకలు మోసే వాళ్లనూ, ఇలా పని చేసుకునే ఆడవాళ్లను ఉన్నదున్నట్టు గీస్తానని ఊరంతా చెప్పుకున్నదాన్ని. చెల్లెలు అంబత్తూరులో ఆఫీసు ఉద్యోగం చేస్తుంది. పెన్సిల్ పట్టి ఆరు నెలలు కూడా కాలేదు.

ఆ ఆదివారం తొండియార్‌పేటలో మా ఇంట్లో ఇద్దరం అమ్మనే గీశాం. టి. నగర్ కొట్ల నుంచి వచ్చే చీరలకు ఫాల్ కుట్టడం అమ్మ పని, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ. నేను అమ్మ ముఖం గీయడానికే రెండు గంటలు తీసుకున్నాను. చెల్లెలు గంటలో ముగించేసి, లేచి పప్పు కూడా తాలింపు పెట్టేసింది. అదొక మంట.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని ముందు నాది చూసింది.

"బాగుందే. ఎవరో పెద్దింటామె సరదాగా కుట్టు నేర్చుకుంటా ఉండే మాదిరి ఉంది."

పొగిడాననే అనుకుంది పాపం. తర్వాత చెల్లెలిది అందుకుని, "ఈడ చూడప్పా! వేలు కూడా వేసేసిందే!" అని నవ్వింది.

అమ్మ చీర అంచును కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించి, బిగువుగా లాగి పట్టుకుని కుడుతుంది. లేకపోతే ఫాల్ ముడతలు పడుతుంది. అందంగా ఉంటుందని నేను నా బొమ్మలో పాదాలను కుచ్చిళ్ల కింద దాచేశాను. చెల్లెలు ఆ వేలిని పగిలిన గోరుతో సహా గీసింది.

"అదెట్టా గమనించినావే?" అన్నాను, గొంతులో కారం దాచుకోలేక.

"గమనించేదేముందక్కా, పదో తరగతి దాకా నేనూ అట్టనే కదా కుట్టింది."

అమ్మ అప్పటికే గోడకు మేకు కొట్టడానికి చోటు చూస్తోంది. చెల్లెలి బొమ్మకే. నలభై ఏళ్లదాన్ని, ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాను. "దానికి నేర్పించి నాకెందుకు నేర్పించలేదు?"

"నీకు బొమ్మలొస్తాయి కదే కన్నా. సూది గుచ్చుకుని చేతులు పాడైపోతాయని, నీ వంతు కూడా దాంతోనే కుట్టించేసినా."

చెల్లెలు అన్నానికి కంచాలు పెట్టింది.

నాకు సిగ్గేసింది. అసూయ మాత్రం తగ్గలేదు. అన్నేళ్లూ అమ్మ పక్కన కూర్చున్నది చెల్లెలే.