అత్తకి రోజుకో జబ్బు

టైలరు అత్తకి ఒంట్లో బాగున్న రోజంటూ లేదు. సోమవారం గుండెదడ, మంగళవారం మోకాలు, బుధవారం ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో. ఆదివారం కుట్టుమిషనుకి సెలవుగానీ జబ్బుకి లేదు.

పొద్దంతా మిషను తొక్కి, సాయంత్రం ఆరయ్యేసరికి తమ్ముడి ఇంటికొచ్చి మంచం మీద వాలిపోయేది. తమ్ముడు పోయి ఏడాది దాటింది. ఆ ఇంట్లో మిగిలింది మరదలూ, మేనకోడలూ.

"నా నాడి చూడవే. ఆగిపోయినట్టుంది."

"ఆగిపోతే మాట్లాడలేవత్తా," అనేది పిల్ల, మణికట్టు పట్టుకుని. "డెబ్బైరెండు."

"నిన్నా అంతేగా. ఎదుగూ బొదుగూ లేని నాడి."

ఓసారి ఎడమకాలు బెణికిందంటూ వచ్చింది. పిల్ల తీరా కట్టు కట్టాక చూస్తే అది కుడికాలు.

"నొప్పి ఇటు పాకిందిలే," అంది అత్త, ఏమాత్రం తడబడకుండా. "మంచిపని చేశావు."

ఇంతలో పిల్ల నర్సింగు కాలేజీకి దరఖాస్తు పెట్టింది. మార్కులు సరిపోయాయి, ఒక్క కాగితం అడ్డం పడింది. గడిచిన ఏడాదంతా ఒక రోగికి సేవ చేసినట్టు డాక్టరు సంతకంతో ఉత్తరం కావాలట. నాన్నకి చేసిన రెండేళ్ళూ అంతకు ముందువి. లెక్కలోకి రావు. గడువు మర్నాటితో సరి.

"నేను లేనూ?" అంది అత్త, దుప్పటి లోంచి.

ముగ్గురూ వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన అత్త ఛాతీ విన్నాడు, వీపు విన్నాడు, కాళ్ళు నొక్కి చూశాడు.

"ఈవిడకి ఏ జబ్బూ లేదమ్మా. నాకన్నా నిక్షేపంగా ఉంది. లేని రోగానికి నేనెలా సంతకం పెట్టను?"

పిల్ల మొహం వాడిపోయింది. మరదలికి ఒళ్ళు మండింది.

"ఏడాదిగా మాతో ఆడుకుంటున్నావా వదినా?"

ఆ ఏడాదిలో మొదటిసారి అత్తకి ఏ జబ్బు పేరూ తోచలేదు.

"తమ్ముడు పోయాక కూడా, వాడికి మందులిచ్చే వేళయ్యేసరికి మీరిద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని గడియారం కేసి చూస్తూ కూచునేవాళ్ళే. కిటికీలోంచి చూశాను. ఆ చేతులకేదో పనుండాలనిపించింది. నా దగ్గరున్నది ఈ ఒళ్ళొకటే. తెచ్చి పడేశాను."

మరదలు వదిన మెడలో ఒక పక్కకి జారిపోతున్న కొలతటేపుని సర్దింది.

అత్త డాక్టరు బల్ల మీది కలం తీసుకుని, కాగితం ముందుకి లాక్కుంది. "నేను రోగిని కాను," అని రాసింది. "అయినా ఈ పిల్ల ఏడాదంతా నా నాడి చూసింది. లేని నొప్పికి కాపడం పెట్టింది. ఒక్కరోజూ విసుక్కోలేదు. నిజం రోగి దొరికితే ఇంకెంత బాగా చూస్తుందో మీరే ఆలోచించుకోండి."

కింద డాక్టరు "ఇది నిజం" అని రాసి సంతకం పెట్టాడు.

మర్నాడు కాలేజీలో ప్రిన్సిపాలమ్మ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. నవ్వు ఆపుకుంటూ పిల్ల పేరు సీట్ల జాబితాలో రాసుకుంది. తర్వాత, పిల్లకి తోడుగా వచ్చిన అత్త వైపు తిరిగింది.

"మా పిల్లలకి చెయ్యి తిరగడానికి ఒక రోగి కావాలండీ. వారానికోసారి వస్తారా?"

"ఎంతమంది పిల్లలు?"

"నలభై."

అత్త నడుం నిటారుగా పెట్టి కూచుని, బట్ట కొలతలు అడిగినట్టు అడిగింది.

"తలా ఒక జబ్బు కావాలా, అందరికీ ఒకటే సరిపోతుందా?"