పాతికేళ్ళ తోరణం

స్కార్బి ఊళ్ళో ఎవరి పెళ్ళికి పాతికేళ్ళు నిండినా వాళ్ళ గుమ్మానికి తోరణం కట్టేది డోర్తెనే. డెన్మార్కు పడమటి తీరంలో, సముద్రపు గాలికి తలలు వంచుకున్న ఇళ్ళతో ఉండే చిన్న చేపల ఊరది. ముందురోజు సాయంత్రం వీధివాళ్ళు స్ప్రూస్ చెట్ల పచ్చికొమ్మలు నరికి తెచ్చి కుప్ప పోస్తారు. డోర్తె వాటిని తీగతో చట్రానికి బిగించి, నడినెత్తిన గుండె ఆకారం కట్టి, అందులో బంగారు కాగితంతో ఇరవై అయిదు అంకె అతికిస్తుంది. లోపలున్న దంపతులు ఆ చప్పుళ్ళన్నీ వింటూనే ఏమీ విననట్టు నటించాలి. తెల్లవారుతూనే వీధంతా వచ్చి పడకగది కిటికీ కింద పాడుతుంది. అప్పుడు వాళ్ళు రాత్రి బట్టలతోనే బయటికొచ్చి, నోళ్ళు వెళ్ళబెట్టి ఆశ్చర్యపోయి, అందరికీ కాఫీ, వేడి రొట్టెలు, బుల్లి గ్లాసుల్లో చేదు సారా పెట్టాలి. మాకొద్దు బాబోయ్ అనడానికి వీల్లేదు.

డోర్తెకి యాభై దాటాయి. సైకిలు మీద ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, మేజోళ్ళు తొడగడం, మందులు మింగించడం ఆమె ఉద్యోగం. చెవులు వినపడనివాళ్ళతో రోజంతా మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. ఆ గొంతు ఇంటికొచ్చేసరికి ఎక్కడికి పోయేదో! సొంత ఇంట్లో ఆమె మాటలు మూడేళ్ళుగా ఉప్పు అందుకో, తలుపెయ్యి, వాన వచ్చేట్టుంది, ఇంతే.

ఆమె భర్త హెన్నింగ్ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. నాలుగేళ్ళ కిందట ఓడెన్సె పట్నం నుంచి వచ్చిన ఒకావిడ వెంట వెళ్ళిపోయాడు. ఊరు కోడై కూసింది. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం చిన్న పెట్టె పట్టుకుని పెరటి తలుపు దగ్గర నిలబడ్డాడు. డోర్తె అతన్ని పైనుంచి కిందికి చూసి, "బూట్లు విప్పి రా. ఇప్పుడే తుడిచాను" అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. అతను పెట్టె తీసుకెళ్ళి వెనక కుట్టుమిషను గదిలో పెట్టుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో వీధి వైపున్న డోర్తె గది కిటికీలో ఒకటి, వెనక కిటికీలో ఒకటి, రెండు దీపాలు వెలుగుతున్నాయి. వీధికి కళ్ళు లేవా? చూస్తూనే ఉంది. ఆ ఊళ్ళో వాళ్ళు ఎవర్నీ ఏమీ అడగరు, అలాగని దేన్నీ మర్చిపోరు.

అందుకే తన వంతు దగ్గరపడుతున్నకొద్దీ డోర్తెకి గుండెల్లో రాయి పడింది. ఒకే గుమ్మంలోంచి ఇద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ రావాలి. నెత్తిన ఆ అంకె! మధ్యలో ఒక ఏడాది మొగుడే లేడే, ఇరవై అయిదు ఎలా అవుతుంది?

"ఆ రోజు నన్ను ఎక్కడికైనా తీసుకుపో" అంది ఆగస్టులో ఒక రాత్రి, గిన్నెలు కడుగుతూ.

హెన్నింగ్ తువ్వాలుతో పళ్ళెం తుడవడం ఆపాడు. "కోపెన్‌హాగెన్ వెళ్దామా? శుక్రవారం వెళ్ళి ఆదివారం వచ్చేద్దాం. నడిచే తిరగొచ్చు. చిన్న ఊరే."

"చిన్న ఊరా! రాజధాని!"

"నడిచేవాడికి చిన్నదే" అన్నాడు.

శుక్రవారం పొద్దున పెట్టెలతో బయల్దేరుతుంటే పక్కింటి రూత్ కంచె మీద మోచేతులాన్చి నిలబడింది. డెబ్బై ఏళ్ళ మనిషి. నోటికి తాళం లేదు.

"ఎక్కడికమ్మా దొంగల్లా?"

"రెండ్రోజులు ఊరెళ్తున్నాం, రూత్."

"రేపేంటో గుర్తుందా?"

"శనివారం."

"శనివారమట! బాగా చెప్పావు" అని రూత్ ముక్కు చీది లోపలికి పోయింది.

మర్నాడు హోటల్ గదిలో డోర్తెకి ఇంకా తెల్లవారకముందే మెలకువ వచ్చింది. చెవులు రిక్కించి పడుకుంది. కిందెక్కడో సీసాల బండి వెళ్ళింది, సముద్రపక్షి ఒకటి అరిచింది. పాట లేదు. ఇదే కదా తను కోరుకుంది? అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవతలి మంచం మీద హెన్నింగ్ కూడా కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. అతను చూస్తున్నాడని తెలిసి ఆమె గోడ వైపు తిరిగింది.

టిఫిన్ తిని నడక మొదలుపెట్టారు. ఎండ లేతగా ఉంది. రేవులో పిల్లలూ పెద్దలూ నీళ్ళలోకి దూకుతున్నారు, సైకిళ్ళు చీమల బారులా పోతున్నాయి. డోర్తె చేతిలో హోటల్ వాళ్ళిచ్చిన పటం. దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి వీధి పేరు వెతికేలోగా హెన్నింగ్ సందులోకి మలుపు తిరిగేవాడు. ఒక సందు, ఒక పెరడు, ఒక చిన్న వంతెన. ఎక్కడా ఆగలేదు, ఎవర్నీ దారి అడగలేదు. ఒక రొట్టెల దుకాణం ముందు మాత్రం, "ఇక్కడ వద్దు, మూలనున్నది నయం" అన్నాడు.

మూలనున్నది నిజంగానే నయం. యాలకుల వాసన వేసే ఆ బన్ను డోర్తె సగం కొరికి ఆపేసింది. స్కార్బిలో పుట్టి, స్కార్బిలో పెరిగి, నూనె మసి తప్ప ఏమీ ఎరగని మనిషికి ఈ దుకాణం ఎలా తెలుసు?

క్రిస్టియన్స్‌హావ్న్ కాలువ దాటాక ఒక కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. కనుచూపు మేరలో ఒక్క బండి లేదు. అయినా అందరితో పాటు ఇద్దరూ ఆగారు. డోర్తె పటం మడిచి సంచిలో పెట్టింది.

"నువ్విక్కడ ఉన్నావు" అంది.

హెన్నింగ్ ఎదురుగా దీపంలో ఉన్న ఎర్ర మనిషిబొమ్మనే చూస్తున్నాడు. "ఉన్నాను."

"ఆవిడతో."

"కాదు."

పచ్చదీపం వెలిగింది. పక్కనున్నవాళ్ళు దాటిపోయారు. వీళ్ళిద్దరూ కదల్లేదు. మళ్ళీ ఎర్రదీపం పడింది.

"ఆవిడ ఓడెన్సెలోనే నన్ను పొమ్మంది" అన్నాడు హెన్నింగ్. "రెండు నెలలకే. నేను మాట్లాడనట. ఇంట్లో కుర్చీ ఉన్నట్టుందట."

"ఆ మాట మాత్రం నిజం" అంది డోర్తె అప్రయత్నంగా.

అతను వేలు పెట్టి చూపించాడు. కాలువ గట్టున సైకిళ్ళు బాగుచేసే దుకాణం, దాని పైన ఒక చిన్న కిటికీ. ఆ గదిలోనే ఉన్నాడట. పడవలకి రంగులేసే పని చేసుకుంటూ, ఒంటరిగా, మిగతా ఏడాదంతా. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక ఊరంతా నడిచేవాడట.

"నీకు ఇది చూపిద్దామనే తీసుకొచ్చాను. చెప్పడం నాకు రాదు. చూస్తే నువ్వే అడుగుతావనుకున్నాను."

డోర్తె చాలాసేపు ఆ కిటికీ వైపు చూసింది. ఎవరో దాని అంచున తులసిమొక్క లాంటిది పెట్టుకున్నారు. మూడేళ్ళుగా ఆమె ఊహలో ఆ ఏడాదంతా ఒక ఆడమనిషి ఉంది. ఆవిడ వంట, ఆవిడ నవ్వు, ఆవిడ దుప్పటి, అన్నీ కల్పించుకుని ద్వేషించింది. తీరా చూస్తే అక్కడ ఉన్నది ఒక్క మంచం పట్టే గది. సంతోషం కలగాలి కదా? ఒళ్ళంతా మండిపోయింది.

"పది నెలలు!" అంది. ముసలివాళ్ళతో మాట్లాడే గొంతు అది. గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూచున్న కుర్రకారు తలలు తిప్పి చూశారు. "ఇక్కడ నువ్వొక్కడివీ, అక్కడ నేనొక్కదాన్నీ! చలికాలమంతా మంచు నేనే ఎత్తాను. అమ్మని నేనొక్కదాన్నే మట్టి చేశాను. నువ్వేమో ఇక్కడ కూచుని గోడలు చూస్తున్నావా? ఆవిడ దగ్గరున్నావంటే కనీసం ఒక కారణం ఉండేది కదరా హెన్నింగ్! ఎందుకు రాలేదు?"

"ముఖం చెల్లలేదు."

"నా ముఖం చూడాలనిపించలేదా?"

"రోజూ అనిపించేది" అన్నాడు. "రెండుసార్లు రైలెక్కాను. సగం దారిలో దిగిపోయాను."

డోర్తె విసురుగా వెనక్కి తిరిగి నడక సాగించింది. ఎటు వెళ్తోందో ఆమెకే తెలీదు. ఆ ఊళ్ళో తప్పిపోదామన్నా కుదరదు, ఏ వీధిలో దూరినా చివరికి నీళ్ళ ఒడ్డుకే తెచ్చి పడేస్తుంది. కొత్త బూటు మడమని కొరికేసింది. వంతెన పక్కన బల్ల మీద కూలబడి బూటు విప్పితే, కొంత దూరంలో హెన్నింగ్ కూడా ఆగాడు. దగ్గరికి రావడానికి ధైర్యం లేదు, వదిలి వెళ్ళడానికి మనసు లేదు. అలా అరగంట పైనే నిలబడ్డాడు. తర్వాత ఎక్కడికో వెళ్ళి, నల్లరొట్టె మీద ఊరబెట్టిన హెర్రింగ్ చేప పెట్టినవి రెండు పొట్లాలూ, మడమకి అంటించే పట్టీ తెచ్చి బల్ల చివర పెట్టాడు.

డోర్తె పట్టీ వేసుకుంది. కాసేపటికి రొట్టె కూడా తీసుకుంది.

"ఉల్లిపాయ వెయ్యొద్దని చెప్పావా?"

"చెప్పాను."

"కూచో మరి. దిష్టిబొమ్మలా నిలబడకు."

ఆ మధ్యాహ్నమంతా వాళ్ళు నడుస్తూనే ఉన్నారు. ఆమె అడిగింది, అతను చెప్పాడు. చలికి ఏం కప్పుకున్నాడు, క్రిస్మస్ రాత్రి ఏం తిన్నాడు, సగంలో రైలు దిగి ఏం చేశాడు. ఒక్కో జవాబు కోసం ఒక్కో వీధి నడవాల్సి వచ్చేది. కొన్నిచోట్ల ఆమె ఏడ్చింది, కొన్నిచోట్ల తిట్టింది. చిన్న ఊరే కానీ వాళ్ళకి సరిపోయింది.

ఆదివారం సాయంత్రం స్కార్బిలో బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి ఇద్దరి కాళ్ళూ ఆగిపోయాయి. గుమ్మానికి తోరణం! ఖాళీ ఇంటికి కట్టేశారు. డోర్తె లేకుండా కట్టిన సంగతి దూరానికే తెలుస్తోంది, ఎడమవైపు కొమ్మలన్నీ తలకిందులుగా ఉన్నాయి. పైన గుండెలో ఇరవై అయిదు కొంచెం వాలి మెరుస్తోంది.

హెన్నింగ్ పెట్టె కింద పెట్టి, షెడ్డులోంచి నిచ్చెన తెచ్చి, పైకెక్కి అంకె మీద చెయ్యి వేశాడు.

"ఏం చేస్తున్నావు?"

"తీసేస్తున్నా. ఇరవై నాలుగే. నీకు ఒక ఏడాది బాకీ."

మూడేళ్ళుగా డోర్తె ఎదురుచూసిన మాట అదే. తీరా విన్నాక అంత అవసరం లేదనిపించింది. ఆ ఏడాది ఎవరిదో ఆవిడది అనుకున్నంతకాలం లెక్కలోంచి కొట్టేసింది. ఇప్పుడు చూస్తే అది వేరే ఎవరిదీ కాదు. ఇద్దరూ చెరో చోట కూచుని పాడుచేసుకున్నా, తమదే.

"ఉండనీ" అంది. "వాలింది, సరిచెయ్యి. ఎడమవైపు కొమ్మలు కూడా తిరగేసి కట్టాలి. నేను అందిస్తా."

ఈలోగా కంచె దగ్గర రూత్ ప్రత్యక్షమైంది.

"వచ్చారా మహానుభావులు! నిన్న ఖాళీ ఇంటికి పాడి పాడి గొంతులు పోయాయి. కాఫీ మా ఇంట్లో తాగాం. నువ్వు నాకు ముప్ఫైమందికి రొట్టెలు బాకీ."

"రేపు పొద్దున రండి, పెడతాను. మళ్ళీ పాడాలి మరి."

రూత్ గబుక్కున నవ్వబోయి ఆగింది. నిచ్చెన మీది మనిషిని చూసింది, డోర్తెని చూసింది. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించింది.

"కోపం తెచ్చుకోకమ్మాయ్. నిన్న మాకు పాలుపోక నడివీధిలో నిలబడి పాడాం. ఏ కిటికీ కింద పాడాలి?"

ఆ రెండు దీపాల గురించి ఆ ఊళ్ళో మూడేళ్ళలో ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. నిచ్చెన మీద హెన్నింగ్ చేతులు కదల్లేదు.

"వీధి వైపుది" అంది డోర్తె. "కాస్త గట్టిగా పాడండి. ఇంజన్ల మోతకి ఈయన చెవులు మందగించాయి."

రూత్ తలూపి వెళ్ళిపోయింది. కొమ్మలు సరిచేశాక హెన్నింగ్ నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని, కుట్టుమిషను గదిలోంచి తన దిండు తెచ్చుకున్నాడు.