మామ కాలిలో విషం నడిచిన దారి

నేను కాలేజీ సెలవులకు మనూర్ దగ్గర మేనమామ ఊరికి పోయినప్పుడు, ఒక మధ్యాహ్నం మామను కందిచేనులో రక్తపింజర పాదం మీద కరిచింది. మామ దాన్ని చంపి, తోక పట్టుకొని ఇంటికి తెచ్చాడు, మాకు పరిచయం చేయడానికన్నట్టు.

మా దిక్కు పాము కరిస్తే ముందు వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని లెక్క.

"చేదున్నదా?" పక్కింటాయన అడిగాడు.

"జర నువ్వు తిని చూడు," అన్నాడు మామ.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నిద్రపోతే ప్రాణం పోతుందని ఇద్దరు చెరో రెక్క పట్టుకొని వాకిట్లో నడిపించసాగారు.

నాకు ఊపిరి అంత సులువుగా రాలేదు. రక్తపింజర విషానికి నాలుకతో పనిలేదు. అది చాలావరకు చర్మం కింది సన్నని శోషరస నాళాల్లో పడి, గజ్జల్లోని బిళ్లల దాకా పాకి, ఆ పైన రక్తంలో కలుస్తుంది. ఆ నాళాలకు గుండె లాంటి పంపు లేదు. కండరం కదిలితే రసం ముందుకు పోతుంది. మావాళ్లు నడిపిస్తున్నది మామ ఒక్కణ్నే కాదు.

"మామా, గజ్జల్ల నొస్తుందా?"

"నొస్తుంది. నీకెట్ల ఎరుక? పాము చెప్పిందా?"

"ఇగ నడవకు. పండుకో."

"పండుకుంటె మల్ల లేస్తడా బిడ్డా?" అంది అత్త.

"బండిల పండబెట్టి దవాఖానకు తీస్కపోదాం. నిద్రపోకుండ నువ్వు తిట్టుకుంట రా అత్తా."

ఈ వైద్యంలో అత్తకు అనుభవం ఉంది. నారాయణఖేడ్ దాకా ఎడ్లబండి సాగింది, ఆమె తిట్లూ సాగాయి. పెళ్లినాటి సంగతులు అయిపోయి బీడీల దగ్గరికి వచ్చేసరికి మామ చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది.

డాక్టర్ మామ రక్తాన్ని గాజు గొట్టంలో పట్టి, కాసేపు ఉంచి, వంచాడు. నీళ్లలా జారింది. రక్తాన్ని గడ్డకట్టించే సరుకంతా విషం ఖర్చు చేసేసిందన్నాడు. పాము మందును సూదితో నేరుగా నరంలోకే ఎక్కించాడు.

"విషం పొలం గట్ల పొంట వచ్చింది. మందు పక్కా సడక్ మీద పోవాలె," అన్నాడు.

బాగా పొద్దుపోయాక మళ్లీ రక్తం పట్టి గొట్టం వంచాడు. ఈసారి రక్తం కదల్లేదు.

"ఏందయ్యా అది?" అంది అత్త.

"గడ్డ కట్టిందమ్మా. బతుకుతడు."

అత్త మామను తిట్టడం ఆపి, గోడకు చేరగిలబడి ఏడవడం మొదలుపెట్టింది.