ఎలీయేజరు నాలిక

మా కంపౌండరు ఎలీయేజరు ఏ మందైనా ముందు తన నాలిక మీద వేసుకోకుండా ఎవరికీ ఇవ్వడు. ఈ ఒక్క ముక్క చెబితే ఆయన గురించి ముప్పాతిక వంతు చెప్పినట్టే. మిగతా పాతిక చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అరకు లోయలో మా మిషను ఆసుపత్రికి కంపౌండరు ఉన్నాడు గాని డాక్టరు లేడు. డాక్టరు కావాలంటే ఘాటీ దిగి విశాఖపట్నం పోవాలి. అంత దూరం పోగలిగినవాడికి డాక్టరుతో పనేముంది? నేను పక్కనే మిషను బడిలో పంతుల్ని. వరండాలో జరిగేదంతా మా కిటికీలోంచి కనపడేది, వద్దన్నా వినపడేది.

వానలు పడితే ఊరు ఊరంతా చలిజ్వరంతో వరస కట్టేది. వచ్చిన ప్రతివాడికీ గ్లాసులో క్వినైను కలపడం, అందులోంచి ఒక గుక్క తాను తాగడం, "సేదు. ఇంక నువ్వు తాగు" అనడం. ఇదీ వరస. క్వినైను ఎక్కువైతే చెవులు గుయ్యిమంటాయి. మధ్యాహ్నానికల్లా ఆయనకు బ్రహ్మచెముడు. ఆ తరవాత కడుపునొప్పి అని వచ్చినవాడికీ, కాలు బెణికినవాడికీ కూడా క్వినైనే.

మా మిషను పెద్ద, పాదిరీ దొరగారి గుర్రానికి కడుపు కట్టేస్తే పట్నం నుంచి మందు తెప్పించారు. మా వాడు దాన్నీ వదల్లేదు. ఆ సాయంత్రం గుర్రం ఒక చెట్టు చాటునా, ఈయన ఇంకో చెట్టు చాటునా.

"సీసా మీద పేరు రాసి ఉంది కదయ్యా, మళ్లీ రుచి ఎందుకు?" అన్నాను.

"పేరు సీసాది మాస్టారూ. మందు లోపలుంది."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా మిషను వాళ్లమంతా అది తిండిపోతుతనమే అనుకున్నాం. అన్నం దొరకనివాడు మందులు మింగుతున్నాడని వెనకాల నవ్వుకున్నాం.

ఆ రోజుల్లో సర్కారే కొట్టు పెట్టించి నల్లమందు అమ్మించేది. మా దగ్గర ఆ కొట్టు వరహాలుది. నల్లమందు తింటే కొండజ్వరం రాదని వరహాలు చెప్పేవాడు, కొండవాళ్లు నమ్మేవాళ్లు, పట్నంలో చదువుకున్నవాళ్లూ నమ్మేవాళ్లు. మా ఎలీయేజరు నమ్మలేదు. నమ్మకుండా ఊరుకుంటే బాగుండేది. ఒక వానాకాలమంతా క్వినైను రుచి చూసి ఉమ్మేస్తూ, రోజూ నల్లమందు వేసుకున్నాడు. జ్వరం వచ్చి మంచం ఊగిపోయింది. మరుసటేడు నల్లమందు మాని క్వినైను పట్టాడు. దోమ కూడా ఆయన్ని చూసి తప్పుకుంది. తన ఒక్కడి ఒంటి మీద తేలితే చాలదని ఆసుపత్రికి వచ్చిన అందరినీ అడిగాడు. నల్లమందు తినేవాళ్లూ, తిననివాళ్లూ ఒకే వరసలో నిలబడి వణుకుతున్నారు.

పైవారం సంతలో గట్టిగా చెప్పేశాడు. "ఇనుకోండి! నల్లమందుకి జొరం ఆగదు. నొప్పి ఆగుతాది. అలవాటైపోతే మాత్తరం అదే మిమ్మల్ని తింటాది."

మొదటి మాటకి వరహాలు పళ్లు నూరాడు. రెండో మాటకి దొరగారు మండిపడ్డారు, పాపంలో మంచి ఎక్కడిదని. మూడో మాటకి తినేవాళ్లందరూ మొహం తిప్పుకున్నారు. నిజం చెప్పి రెంటికీ చెడ్డ రేవళ్లను చూశాను గాని, మూడింటికీ చెడ్డవాణ్ణి ఈయన్నే చూశాను.

మన్యంలో పితూరీ అణిగిన మరుసటేడు సర్కారుకి ఉన్నట్టుండి నీతి పుట్టింది. నిన్నటిదాకా అమ్మిన చేత్తోనే ఆర్డరు వేసింది. అలవాటు ఉన్నవాళ్ల పేర్లు రాసుకుని వాళ్లకు మాత్రమే నల్లమందు అమ్మాలి, కొత్తవాళ్లకు చిటికెడైనా ఇవ్వకూడదు. దొరగారు సంతోషం పట్టలేక ఆసుపత్రిలో ఉన్న నల్లమందు ద్రావకం సీసా కాస్తా కాలవలో పారబోయించారు.

సరిగ్గా అప్పుడే సోములమ్మ మంచం పట్టింది. మా పై గూడెంలో చోళ్లు పండించుకునే ముసలామె. రొమ్ములో గడ్డ లేచి పుండు పడింది. అది మానే పుండు కాదని ఆమెకూ తెలుసు. పగలంతా ఆమె అరిచే అరుపు కింద బడిదాకా వినపడేది. పిల్లలు ఎక్కాలు ఆపేసి నా మొహం చూసేవాళ్లు. దొరగారు వెళ్లి ప్రార్థన చేసి వచ్చారు. అరుపు ఆగలేదు.

అబ్కారీ ఇన్‌స్పెక్టరు జగన్నాథరావుగారు ఆసుపత్రి వరండాలోనే కుర్చీ వేసుకుని పేర్లు రాస్తున్నారు. ఎలీయేజరు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"సోములమ్మని ఒకావిడుంది బాబూ. ఆవిడ పేరు రాయండి."

"అలవాటుందా?"

"నేదు బాబూ. నొప్పుంది."

"రూల్సులో అలవాటుకే చోటుందయ్యా, నొప్పికి లేదు. డాక్టరు చీటీ తెమ్మను, చూద్దాం."

"డాక్టరు ఇశాకపట్నంలో ఉన్నారు. ఆవిడ మంచం దిగనేదు. ఎలగ తెత్తాది?"

"అదంతా నన్నడిగితే నేనేం చెయ్యను?"

ఎలీయేజరు కాసేపు బుర్ర గోక్కున్నాడు. "అయితే నా పేరు రాయండి. నాకు అలవాటుంది."

ఇన్‌స్పెక్టరుగారు పకపకా నవ్వారు. "ఏదీ, తిను చూస్తాను!" అని పక్కనే నిలబడ్డ వరహాలు చేత ఒక ఉండ ఇప్పించారు. కొత్తవాడైతే ఆ చేదుకి మొహం ముడుచుకుని ఉమ్మేస్తాడని ఆయన లెక్క. పాపం, ఆయనకేం తెలుసు, ఇది గుర్రం మందు దిగిన గొంతని! ఎలీయేజరు ఉండని నాలిక మీద పెట్టుకుని, తాంబూలం వేసుకున్నంత తాపీగా చప్పరించాడు.

"సేదే. అయితే వరహాలు ఇందులో బెల్లప్పాకం కలిపీసినాడు బాబూ."

"అబ్బో, పాతకాపే!" అని ఇన్‌స్పెక్టరుగారు వెంటనే రాసేసుకున్నారు. వరహాలు మొహం మాత్రం నల్లమందు రంగుకి తిరిగింది.

ఆదివారం గుడిలో దొరగారు నిలబడి, మాకు అలవాటైన ఆ బైబిలు తెలుగులో గర్జించారు. "మన మధ్యనున్న ఒక సహోదరుడు నల్లమందునకు దాసుడై యున్నాడు!" ఆ పూట నుంచి, గుడిలో అందరికీ పంచే ప్రభువు బల్ల రొట్టె ఎలీయేజరుకి లేదు. ఉద్యోగం మాత్రం ఉంచారు, దయ వల్ల కాదు, ఈ జ్వరాల కొండకి ఇంకో కంపౌండరు రాడు గనక. తల్లులు పిల్లల్ని పక్కకి లాక్కునేవారు. ఆయన కలిపి ఇచ్చిన క్వినైను తాగుతూనే "నల్లమందు ఎలీయేజరు" అనేవారు.

"సిగ్గు లేదటయ్యా?" అని నేనూ అడిగాను.

"నాలిక్కి సిగ్గేటి మాస్టారూ!"

కొన్నాళ్లకి ఆ అరుపు వినపడడం మానేసింది. సోములమ్మ పోయింది కాబోలు అనుకుని, ఆమె మనమరాలు రత్న బడికి రాకపోతే పలకరించి వద్దామని గూడెం ఎక్కాను. ఆమె పోలేదు. మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఎలీయేజరు.

నల్లమందు గింజంత గిల్లి తన నోట్లో వేసుకున్నాడు. ఇక చూడాలి ఆ వేషం! కళ్లు మూసి, ముక్కు మెలితిప్పి, నాలిక గడ్డందాకా వేలాడేసి, "ఓలమ్మో, సచ్చిపోనానప్పా!" అంటూ గిర్రున తిరిగి గోడకి కొట్టుకున్నాడు. గుర్రం మందుకి కూడా చెదరని మొహం! ముసలామె రొమ్ము పట్టుకుని నవ్వుతోంది. నవ్వి నవ్వి, చెయ్యి చాపి తన ఉండ తీసుకుని మింగింది.

"ఏటి బాబూ అలగ సూత్తన్నావు?" అంది నన్ను చూసి. "మా కాడ ఇచ్చినోడే ముందు తాగాల. కల్లైనా, మందైనా. తాగకపోతే ఆడి సెయ్యి నమ్మం. ఈ బాబు వొచ్చిన కొత్తలో మందు ఒక్కలూ ముట్టనేదు. నానే సెప్పినాను, ముందు నువ్వు తాగు అని. తాగినాడు. అప్పుడు మేమందరం తాగినాం. ఇప్పటికీ మరిసిపోనేదు, సూడు!"

ఇన్నేళ్లుగా ఆ కొండవాళ్లకు మేమే అన్నీ నేర్పుతున్నామనుకుంటున్నాం. తిండిపోతుతనమట! నా మొహం మండ!

దిగి వస్తుంటే అడిగాను. "ఇస్తే ఇచ్చావు, ఆ వేషం ఎందుకయ్యా?"

"మందు పట్టీదాకా ఆవిడికి ఏదో ఒకటుండాల కద మాస్టారూ."

"దొరగారితో నిజం చెప్పొచ్చు కదా! నేను చెబుతాను పద."

కొండదారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "వొద్దు మాస్టారూ. సెప్తే నా పేరు బాగుపడతాది, ఆవిడ మందు ఆగిపోతాది. మీ నోరు కొంచెం కట్టీసుకోండి."

కట్టేసుకున్నాను. నాకు అంతకన్నా కష్టమైన పని ఇంకోటి లేదు.

చలికాలంలో సోములమ్మ నిద్రలోనే పోయింది. అరవకుండా పోయింది. పాతిపెట్టి వచ్చి, ఎలీయేజరు తిన్నగా ఇన్‌స్పెక్టరుగారి దగ్గరికి వెళ్లాడు. "నా పేరు కొట్టీండి బాబూ. మానీసినాను."

ఇంక చూసుకోండి తమాషా. "ప్రార్థన చేత విడుదల పొందెను!" అన్నారు దొరగారు. "కాదండీ, సర్కారు ఆర్డరు వల్లే మానాడు," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. అదే వరండాలో, ఆయన్ని మధ్యన నిలబెట్టుకుని ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. ఎందుకు మానావని గాని, అసలు ఎందుకు మొదలెట్టావని గాని ఒక్కరైనా అడిగితే ఒట్టు. నేను కిటికీలో పళ్లు కొరుక్కుంటున్నాను. వాదించి వాదించి దొరగారికి తలనొప్పి వచ్చింది.

"ఎలీయేజరూ, తలనొప్పికి పొడి ఇమ్ము."

మా వాడు పొడి నీళ్లలో కలిపాడు. అలవాటు ప్రకారం ముందు ఒక గుక్క తాగాడు. తాగి, ఎన్నడూ లేనిది, కళ్లు మూసి, ముక్కు మెలితిప్పి, నాలిక గడ్డందాకా వేలాడేసి, గిర్రున తిరిగి వరండా స్తంభానికి కొట్టుకున్నాడు.

"అంత చేదా?" అని దొరగారు గ్లాసు పట్టుకుని భయపడ్డారు.

"నేదు దొరగారూ. ఇంక మీరు తాగండి."

ఇన్‌స్పెక్టరుగారు ముందు నవ్వారు, తరవాత దొరగారూ ఆపుకోలేక, నవ్వుతూనే గ్లాసు ఖాళీ చేశారు. ఆ వేషం మొదట ఎవరి మంచం ముందు కట్టాడో, ఇప్పుడు ఎవరి కోసం కట్టాడో, కిటికీలో ఉన్న నాకు తెలుసు. ఎలీయేజరు నా వైపు చూసి ఖాళీ గ్లాసు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.