రాజారావు అంకుల్ ఇంట్లో ఇద్దరే

విదేశమొచ్చి మేముంటున్న టూంగాబీలో, మేం వెళ్ళే తెలుగు చర్చిలో రాజారావు అంకుల్‌కి గ్రీకు వచ్చు. వచ్చని ఆయనే చెప్పాడు. ఆన్‌లైన్‌లో ఆరు నెలల కోర్సు చేసి, అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకుని, అప్పటినుంచీ మా మీద పడ్డాడు. రిటైరైన ఇంజనీరు మామూలుగా టమాటాలు పెంచుకుంటాడు. ఈయన మమ్మల్ని ఉద్ధరించడానికి పూనుకున్నాడు.

ఆగస్టులో జనాభా లెక్కలు వచ్చాయి. ఇంకేం, ఆయన చెప్పే ఆదివారం బైబిల్ క్లాసులో గంటన్నర సేపు ఒకే మాట: అపొగ్రఫే. యేసు పుట్టినప్పుడు రోమా చక్రవర్తి చేయించిన లెక్కలకి గ్రీకులో అదే పేరట. ఊరికే తలలు లెక్కపెట్టడం కాదట, ఒక్కొక్కరి పేరూ అడిగి రాసుకోవడమట. పేరు రాయించుకోని మనిషి రాజ్యంలో లేనట్టేనని బల్ల చరిచాడు. మేం ఆవలింతలు దిగమింగుకున్నాం. వెనక వరసలో దాసు మాత్రం ఆ మాటని నోట్‌బుక్‌లో శ్రద్ధగా రాసుకున్నాడు.

దాసు ఆయన పిన్ని కొడుకు. యాభై దాటిన ఒంటరి మనిషి, ఆఫీసుల్లో క్లీనింగ్ పని చేస్తాడు. తొమ్మిదేళ్ళుగా అంకుల్ గరాజ్‌లో ఉంటున్నాడు. మునిసిపల్ కౌన్సిల్ అనుమతి లేకుండా దాన్ని గది చేశారు. ఆ చిరునామాకి దాసు పేరు మీద ఒక్క ఉత్తరం కూడా రాకూడదని అంకుల్ పెట్టిన రూలు. దీన్ని ఆయన తమ్ముణ్ణి ఆదుకోవడం అంటాడు.

గ్రీకు చదివే మహానుభావుడికి జనాభా లెక్కల ఫారం నింపడం చేతకాలేదు. ఆ మధ్యాహ్నమే నన్ను ఇంటికి పిలిపించాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచేసరికి దాసు మాకు టీ తెచ్చిపెట్టి, జేబులోంచి పాస్‌పోర్ట్ తీసి నా ముందు ఉంచాడు. స్పెల్లింగ్ తప్పు పోకూడదట. చర్చికి వేసుకొచ్చిన ఇస్త్రీ చొక్కా ఇంకా మార్చుకోలేదు.

ఇంట్లో ఎంతమంది అని అంకుల్‌ని అడిగాను.

"ఇద్దరమే నీరజా. నేనూ, మీ ఆంటీ."

ఈ వివరాలు కౌన్సిల్‌కి వెళ్ళవని రెండుసార్లు చెప్పాను. ఎందుకొచ్చిన రిస్కని ఆయన గొంతు తగ్గించాడు, పక్కనే నిలబడ్డ మనిషికి చెవులు లేనట్టు.

"పశువుల పాకలో దిగిన యేసు అమ్మానాన్నల్ని కూడా రాసుకున్నారు కదన్నయ్యా," అన్నాడు దాసు మెల్లగా. "నేను గరాజ్‌లోనే కదా ఉంటా."

అంకుల్ కళ్ళజోడు సవరించుకున్నాడు.

"గ్రీకు మూలంలో పాక అన్న మాటే లేదురా. పశువుల తొట్టి అని ఉంది, అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలు చదివి ఈయన నేర్చుకున్నది తప్పించుకోవడమా అనిపించింది. ఆ మాట మొహం మీదే అనాలనుకున్నాను. వచ్చే ఆదివారం మళ్ళీ ఈయన మొహమే చూడాలి కదా అని ఊరుకున్నాను. సబ్మిట్ నొక్కమన్నాడు. నొక్కాను.

దాసు పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకున్నాడు.

"తాగారామ్మా, కప్పు తీసెయ్యనా?" అన్నాడు.

తలెత్తకుండానే కప్పు అందించాను. ఆ ఇంట్లో ఇద్దరే అని రాసింది నా చేత్తోనే.