చొక్కా కాలర్ నుంచి బస్సు సీటు దాకా

మా తమ్ముడి పెద్ద కూతురు జీవితంలో మొదటి గెలుపు ఒక కాలర్. అది చిన్న గెలుపని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. చొక్కాల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో ఆమె కుట్టిన కాలర్లన్నీ చెకింగ్ బల్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చేవి. మొన మొద్దుగా ఉందని ఒకటి, కుట్టు ముడత పడిందని ఇంకొకటి. కళ్లు తుడుచుకుంటూ విప్పేది, మళ్లీ కుట్టేది. చివరికి ఒకరోజు చెకింగావిడ ఆమె కాలర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, పెదవి విప్పకుండా మంచివాటి దొంతరలో పెట్టింది. ఆవిడ ఏమీ అనకపోవడమే అక్కడ పెద్ద మెప్పు. ఆనాటి నుంచి తోటివాళ్లు మా పిల్లను కాలరమ్మ అన్నారు. ఇంట్లో మాకూ అదే అలవాటైంది.

మా వంశంలో మిషన్ తొక్కి జీతం తెచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. కాలు విరిగి తమ్ముడు మంచాన పడ్డప్పుడు ఇల్లు ఈదుకొచ్చింది ఆమె. చెల్లెలి చేత నర్సు చదువు పూర్తి చేయించిందీ ఆమే. ఇవన్నీ కాలర్లు కుట్టే సాధించింది.

అలాంటి ఫ్యాక్టరీ, ఆర్డర్లు లేవని మూతపడింది. తక్కిన కుట్టు కంపెనీలు కూడా ఉన్నవాళ్లనే తగ్గించుకుంటున్న రోజులవి. ఎక్కడన్నా ఒక మిషన్ ఖాళీ అయిందని తెలిస్తే చాలు, గేటు ముందు ఇసకేస్తే రాలనంత జనం.

కాలరమ్మ మొదట వెళ్లిన చోట సూపర్‌వైజర్ కత్తిరించిన గుడ్డముక్కలు ఇచ్చి, చొక్కా మొత్తం కుట్టి చూపించమన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. పెద్ద ఫ్యాక్టరీలో కాలర్ వాళ్లు కాలరే కుడతారు, చేతుల వాళ్లు చేతులే కుడతారు, జేబుల వాళ్లకు జేబే లోకం. ఎన్నేళ్లు చేసినా ఒక చొక్కా పూర్తిగా ఎవరి చేతా తయారవదు. మా అమ్మాయి కాలర్‌ను కళ్లకద్దుకునేలా కుట్టి, కుడి చెయ్యి ఎడమ వైపు, ఎడమ చెయ్యి కుడి వైపు అతికించింది.

సూపర్‌వైజర్ దాన్ని పైకెత్తి చూసి, “ఇది తొడుక్కునే మనిషిని కూడా నువ్వే కుట్టుకురావాలమ్మా” అన్నాడట.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి తనే నవ్వింది. మా ఆవిడకు నవ్వు రాలేదు.

“ఇన్నేళ్లూ అక్కడ ఏం చేశావే తల్లీ?”

“కాలర్లు, పెద్దమ్మా. మెడ కిందికి ఎప్పుడూ దిగలేదు.”

మర్నాడే పాత ఫ్యాక్టరీలో చేతులు కుట్టిన స్నేహితురాలిని ఇంటికి పిలుచుకొచ్చింది. ఆమెను చేతులక్క అనేవాళ్లు. ఆమెకూ పని లేదు, ఆమె కూడా అవే గేట్ల ముందు నిలబడుతోంది. తమ్ముడికి ఇది నచ్చలేదు.

“నీకు పోటీ వచ్చేదానికి నువ్వే పని నేర్పుతావా? నీ నోటి దగ్గర ముద్ద తీసి పెట్టినట్టు కాదూ?”

“సగం సగం తెలిసి వెళ్తే ఇద్దరినీ తిప్పి పంపుతున్నారు నాన్నా. పూర్తిగా తెలిస్తే ఒకరికన్నా దొరుకుతుంది కదా.”

ముందుగది వాళ్లకు బడి అయింది. ఈమె కాలర్ నేర్పింది, ఆమె చేతులు నేర్పింది. జేబుకు, గుండీకాజాకు తెలిసినవాళ్లను బతిమాలి తెచ్చుకున్నారు. మా ఆవిడ పాత దుప్పట్లన్నీ చొక్కాలైపోయాయి. ఇది రాస్తూ నేను వేసుకున్న గళ్ల చొక్కా వాటిలోదే. చేతులు సరైన వైపే ఉన్నాయి.

ఉద్యోగం ముందు దొరికింది చేతులక్కకు, స్కూలు యూనిఫాంలు కుట్టే చోట. తమ్ముడు అన్నం తింటున్నంతసేపూ కూతురి వైపు అదోలా చూశాడు. కానీ చేతులక్క మరిచిపోయే మనిషి కాదు. మొదటి వారం సెలవు దొరకగానే వచ్చి కూర్చుంది.

“చూడు కాలరమ్మా, మా గేటు ముందు నిలబడేవాళ్లంతా చొక్కాల వాళ్లే. నువ్వూ అక్కడే నిలబడకు. సూది దిగే చోటల్లా అడుగు.”

సూది దిగే చోటు ఎక్కడుందా అని మా అమ్మాయి ఊరంతా తిరిగింది. తీరా అది ఆమె కింద, ఆమె కూర్చున్న సీటులోనే ఉంది. రోజూ ఎక్కే బస్సులో ఆ సీటు చిరిగి, లోపలి స్పాంజి బయటికి తొంగిచూస్తోంది.

“ఇది ఎవరు కుడతారన్నా?” అని కండక్టర్ని అడిగింది.

“ఆ సీటు నాకంటే సీనియర్ అమ్మా. డిపోలో సీట్ల మేస్త్రి ఒక్కడే, ఎన్నని కుడతాడు? ఏం, ఫిర్యాదు చేస్తావా?”

“లేదు, కుడతాను.”

డిపోలో గ్యారేజీ వెనక గది. గోడ వారగా చట్రాలు, రెగ్జిన్ చుట్టలు, మధ్యలో బరువైన మిషన్. రిటైరు కాబోతున్న మేస్త్రి కళ్లద్దాల పైనుంచి చూశాడు.

“చొక్కాలు కుట్టిన చేతికి రెగ్జిన్ లొంగదమ్మా. గుడ్డయితే విప్పి కుట్టుకోవచ్చు. దీనిమీద సూది తప్పు దిగితే బెజ్జం అట్లాగే ఉండిపోతుంది.”

“చెత్తలో పడేసే ముక్కలుంటే ఇప్పించండి బాబాయ్, వాటి మీద తప్పులు చేస్తాను.”

చాలానే చేసింది. తిన్నటి కుట్టు దారికి వచ్చింది గానీ సీటు మూల దగ్గర రెగ్జిన్ ఉబ్బిపోయేది. అప్పుడు తట్టింది ఆమెకు, మూలంటే కాలర్ మొనే కదా అని. లోపలి అంచు సన్నగా కత్తిరించి, తిరగేసి, మొన నొక్కి తీసింది. మేస్త్రి ఆ మూలను బొటనవేలితో రుద్ది చూశాడు.

“రేపు కూడా రా,” అన్నాడు.

అలా రోజుకూలీ మీద మొదలైంది. మేస్త్రి రిటైరయ్యాక సీట్ల పని బయట కాంట్రాక్టుకు ఇచ్చేయాలని డిపోలో అనుకుంటుంటే, ఆ మేస్త్రే మేనేజర్ దగ్గరకు వెళ్లి ఆమె గురించి చెప్పాడు. బస్సులు తయారుచేసే చోట శిక్షణ పొంది, పరీక్ష నెగ్గితే ఆయన ఉద్యోగం ఆమెకే ఇస్తామన్నారు. నెగ్గకపోతే కాంట్రాక్టే. బయల్దేరిన రోజున సంచి మోసుకుంటూ బస్సు దాకా వచ్చినవాడు మా తమ్ముడు.

నిన్న ఫోన్ చేసింది. పరీక్షకు డ్రైవర్ సీటు కుట్టమన్నారట.

“పరీక్ష పెట్టిన పెద్దాయన నాలుగు మూలలూ తిప్పి తిప్పి చూశాడు పెదనాన్నా.”

“ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు. తీసుకెళ్లి కొత్త బస్సుకు బిగించేశాడు.”

ఇంట్లో అందరికీ అర్థమైంది. మేస్త్రి ఆఖరి రోజు జూన్ పందొమ్మిది. తాళంచెవులు ఆమె చేతికే ఇస్తానని ఎదురుచూస్తున్నాడు. మా కాలరమ్మ జూన్ పద్దెనిమిదిన పొద్దుటి బస్సుకు దిగుతుంది.