రంజాన్ బీ కోసం కోసిన గడప

ఉరవకొండలో పెళ్ళి పిల్లలకు గాజులు తొడగాలంటే రంజాన్ బీ చెయ్యే పడాలనేవాళ్ళు. కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆమెకు ఆ గాజులంగడే లోకం. రెండువేల మూడులో, వాన మొహం చాటేసిన ఏడాది, షుగర్ ముదిరి మోకాలి కింద కాలు తీసేశారు. ఆసుపత్రిలో కంటతడి పెట్టని మనిషి, ఇక అంగడి ఎక్కలేనని తెలిసిన రోజు గుండెలవిసేలా ఏడ్చింది.

చక్రాల కుర్చీ వచ్చింది. అంగడేమో పాతకాలపు కట్టడం. మురికికాలవ పక్కనే రాతి మెట్లు, వాటి పైన జానెడెత్తు గడప. భర్త ఖాజా పీర్ మెట్ల మీద బండలు పరిపించి వాలు కట్టించాడు. కుర్చీ గడప దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన ఆమెను ఎత్తుకుని లోపల కూర్చోబెడితే బజారంతా నోరు తెరుచుకుని చూసింది. రంజాన్ బీకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"గడప కోయనీ అన్నా," అని అంగడి గది బాడుగకిచ్చిన గోవిందప్పను బతిమాలాడు ఖాజా పీర్.

"ఏమప్పా, శుక్రవారం శుక్రవారం పసుపు పూసి మొక్కే గడప. దాన్ని కోస్తే లక్ష్మి ఈడ నిలుస్తాదా?"

అడ్డం తిరిగింది ఆయన భార్య రామలక్ష్మమ్మే. "ఆ యక్క బయట కూర్చోని ఏడుస్తాంటే నీ లక్ష్మి లోపల సుఖంగా ఉంటాదా? కోయించు!"

టెంకాయ కొట్టి, తప్పు కాయమని మొక్కి, దగ్గరుండి గడప కోయించింది ఆ మహాతల్లి. రంజాన్ బీ తన చేతులతో తనే కుర్చీ తోసుకుంటూ లోపలికి పోయింది. ఆ రోజు ఆమె ఆనందం ఇంతా అంతా కాదు.

ఆ వారంలోనే రామలక్ష్మమ్మ తన కూతురు మల్లీశ్వరికి పెళ్ళి గాజులు తొడిగించడానికి వచ్చింది. రంజాన్ బీ పొద్దున్నే మంచి పచ్చగాజులు ఏరి ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల అలవాటుగా ఆమె వైపు చెయ్యి చాచింది. రామలక్ష్మమ్మ ఆ చేతిని మెల్లగా పట్టుకుని, పక్కనే ఉన్న రంజాన్ బీ కోడలు రేష్మా వైపు తిప్పింది.

"ఏమనుకోవద్దక్కా. పెళ్ళి గాజులు గదా, కాలు పోయిన మనిషి తొడగకూడదంట. పెద్దోళ్ళు ఒప్పుకోరు. నువ్వు ఈడ కూర్చోనుంటే సాలు మాకు."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. అంత ప్రేమగా అనేసరికి ఏరిపెట్టుకున్న గాజులు ఒక్కో జతా రేష్మాకు అందించింది. మల్లీశ్వరి చేతులు నిండుగా కళకళలాడాయి. తల్లీకూతుళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

"పదండి, ఇంటికి పోదాం," అంది రంజాన్ బీ భర్తతో. "రేపట్నుంచి నన్ను పిల్చుకోని రావద్దు."

ఖాజా పీర్ కుర్చీని వాలు వైపు తిప్పాడు. ఆమె చెంపల మీద కన్నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి ఆ చేతులు లేవలేదు.